గంటకు డెబ్బై రెండు కిలోమీటర్ల మస్తానమ్మ

పెదరేవులపాడు పురపాలక కార్యాలయంలో ఉద్యోగుల స్కేట్లకు స్పీడోమీటర్లు ఎందుకు బిగించారని ఊళ్లో చాలామంది నన్ను ఆపి అడుగుతున్నారు. బిగించింది నేనే. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పడం నా విధి అనుకుంటున్నాను.

మా కార్యాలయానికి రెండు భవనాలున్నాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ కలుపుతూ పొడవాటి వరండా, దాని చివర కొత్త భవనంలోకి దిగే ర్యాంపు. పాత భవనంలో రాసిన ఫైలుకు కొత్త భవనంలో సంతకం కావాలి. సంతకమయ్యాక మళ్లీ పాత భవనంలో ముద్ర పడాలి. ఈ రాకపోకలన్నీ అటెండరు మస్తానమ్మ చేతుల మీదుగా, అంటే కాళ్ల మీదుగా, ఏళ్ల తరబడి సాగిపోతున్నాయి.

ఇంతలో మా కమిషనర్ ఉదయభాస్కరం గారు అధ్యయన యాత్ర పేరుతో విదేశం వెళ్లొచ్చారు. అక్కడొక కార్యాలయంలో ఉద్యోగులు ఒకే వరసలో నాలుగేసి చక్రాలున్న బూట్లు తొడుక్కుని జర్రున అటూ ఇటూ తిరుగుతున్నారట. విమానం దిగిన మర్నాడే సమావేశం పెట్టారు.

"మిత్రులారా! పాలన అంటే గమనం. గమనానికి మూలం చక్రం. రేపటి నుంచి మన కార్యాలయంలో నడక ఉండదు, ప్రవాహం ఉంటుంది," అన్నారు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు కాబట్టి అందరం గట్టిగా చప్పట్లు కొట్టాం.

స్కేట్లు వచ్చాయి. మొదటి వారంలో ప్రవాహం కంటే పతనం ఎక్కువగా కనిపించింది. జనన మరణాల విభాగం గుమాస్తా ఇంటిపన్నుల విభాగం మీద పడ్డాడు. ఇంటిపన్నుల విభాగం మొత్తంగా వెళ్లి మంచినీళ్ల కుండ మీద పడింది. అర్జీలు తెచ్చిన జనం మాత్రం మా కార్యాలయానికి ఇంత ఉత్సాహంగా ఎప్పుడూ రాలేదు. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు.

రెండో వారం ఆడిట్ వాళ్లు వచ్చి, ఒక అభ్యంతరం రాసి వెళ్లారు. "చక్రములు గల ప్రభుత్వ ఆస్తి యావత్తూ వాహనముగా పరిగణింపబడును. వేగమాపకము లేని వాహనము యొక్క వినియోగము నిరూపింపబడనేరదు."

మేనేజర్ సుబ్బనరసయ్య గారు దీన్ని రెండుసార్లు చదివి, ముందు తన కుర్చీ కింది చక్రాలు ఊడదీయించారు. తర్వాత నన్ను పిలిచారు.

"చెంచురామయ్యా, నువ్వు బియస్సీ గదా?"

"అవునండీ. మాథ్స్, ఫిజిక్స్..."

"చాల్లే, ఇంకేం చెప్పబాక. ఇవాళ్టి నుంచి నువ్వు సాంకేతిక బాధ్యుడివి. అందరి స్కేట్లకూ స్పీడోమీటర్లు పెట్టించు."

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. ఎవరైనా పని అప్పగిస్తే అది చదువుకు దక్కిన మర్యాద అనుకుంటాను. పైగా ప్రొబేషన్‌లో ఉన్నాను. సరేనన్నాను.

స్కేట్లకని విడిగా స్పీడోమీటర్లు మాకెక్కడా దొరకలేదు. సైకిలుకు పెట్టుకునేవి టెండరు పిలిచి కొన్నారు. అది పెద్ద విద్యేమీ కాదు. చక్రానికి చిన్న అయస్కాంతం ముక్క అంటించాలి. దాని ఎదురుగా బూటు అడుగు పట్టీకి ఒక బుడిపె బిగించాలి. అయస్కాంతం బుడిపె ముందు నుంచి పోయిన ప్రతిసారీ ఒక చుట్టు లెక్క. ఆ లెక్క సన్నటి తీగ గుండా చీలమండకు కట్టిన అగ్గిపెట్టెంత డబ్బాలోకి పోతుంది. డబ్బాలో అప్పటి వేగం, ఆ రోజు అందుకున్న గరిష్ఠ వేగం, మొత్తం తిరిగిన దూరం కనిపిస్తాయి.

ఏ కాలికి పెట్టాలన్న దగ్గర పని నాలుగు రోజులు ఆగింది. చివరికి, శుభకార్యానికి కుడికాలు ముందు పెట్టడం మన ఆచారం గనక కుడికాలేనని కమిషనర్ గారు తేల్చారు. ఎడమకాలు ఎంత వేగంగా పోయినా ప్రభుత్వానికి సంబంధం లేదు.

డబ్బాలన్నీ కట్టేశాక ఒక పని మిగిలింది. చక్రం చుట్టుకొలత ఎంతో డబ్బాకు చెప్పాలి. అది చెబితేనే చుట్టును దూరంగా మార్చుకోగలదు. టేపు పెట్టి కొలిచాను. స్కేటు చక్రం చుట్టూ కొలిస్తే జానెడు, ఇంకో రెండు వేళ్లు. టెండరు కాగితంలో మాత్రం సైకిలు చక్రం కొలత, మనిషి నిలువును మించినది, ఆమోదమై కూర్చుంది. ఆ అంకె వేస్తే మీటరు ప్రతిదాన్నీ ఎనిమిదింతలు చేసి చూపిస్తుంది. ఈ సంగతి రాసి మేనేజర్ గారి ముందు పెట్టాను.

ఆయన చదివి జాలిగా చూశారు. "ఆమోదం పొందిన కొలతయ్యా అది. పైనించి సంతకమై వచ్చింది. నువ్వు టేపు తీసుకుని కొలిచినంత మాత్రాన మారిపోద్దా?"

"చక్రం చిన్నదండీ..."

"అది చక్రం తప్పు. కొలతది కాదు."

ఆ అంకే వేశాం. ఎవరూ మార్చకుండా డబ్బాలన్నిటికీ లక్కతో సీలు కొట్టారు.

నడుస్తూ చీలమండ వైపు వంగి చూస్తే మనిషి తలకిందులయ్యేవాడు. అందువల్ల వేగాలు సాయంత్రం అందర్నీ బల్లల మీద కూర్చోబెట్టి నేను చదివేవాణ్ణి. మొదటిరోజే గరిష్ఠ వేగంలో మేనేజర్ గారికి అరవై నాలుగు, కమిషనర్ గారికి ఎనభై ఎనిమిది వచ్చాయి. కమిషనర్ గారు తన కాలివైపు కొత్తగా చూసుకున్నారు.

"ఎనభై ఎనిమిదా! నాకు అంత తెలియలేదే?"

"పాలనలో లీనమైతే తెలియదు సార్," అన్నారు మేనేజర్ గారు.

వారం తిరక్కుండా మా లెక్కలు రాజధానికి వెళ్లాయి. రాష్ట్రంలో ఏ కార్యాలయమూ గంటకు ఎనభై ఎనిమిది కిలోమీటర్లతో నడవడం లేదని తేలింది. 'వేగవంత పాలన పురస్కారం' మాకేనని కబురొచ్చింది. నెలాఖరుకు ముందు బృందం వచ్చి చూసి, ఇచ్చి పోతుంది.

పురస్కారం వస్తుందన్నాక క్రమశిక్షణ కావాలి కదా. వరండాలో హోదాను బట్టి వేగం ఉండాలని ఉత్తర్వు ఇచ్చారు. కమిషనర్ గారికి తొంభై దాకా, మేనేజర్ గారికి డెబ్బై దాకా, గుమాస్తాలకు యాభై, అటెండర్లకు ముప్పై. కింది ఉద్యోగి పై అధికారి వేగాన్ని మించడం అవిధేయత.

ఇక్కడ మస్తానమ్మ గురించి చెప్పాలి. ఆ నెలాఖరుకే ఆమె రిటైర్మెంటు. ఇంటి ముందు రేకుల పంచ దింపి, పెద్ద గ్రైండరు పెట్టి, వీధికంతటికీ ఇడ్లీ పిండి అమ్మాలని ఆమె ఆలోచన. గ్రైండరు కూడా చూసి పెట్టుకుంది. నన్ను ఎప్పుడూ పేరుతో పిలవదు.

"ఏంది అబ్బయ్యా ఇది? కాళ్ళకు బండి గట్టి ఫైళ్ళు మొయ్యమంటే, నేనేమన్నా ఎద్దునా?" అంది మొదటిరోజు నేను మీటరు బిగిస్తుంటే.

"ఈ నెల ఒక్కటే గదా పెద్దమ్మా. ముప్పయ్యో తారీఖు దాకా ఓర్చుకో."

"ఓర్చుకుంటాలే. ఆ తారీఖు దాకా నడుముండాల గదా!"

ఆమె తనకంటూ ఒక పద్ధతి కనిపెట్టింది. ఫైళ్లు నెత్తిన పెట్టుకుని, ఒక చెయ్యి వరండా గోడకు ఆనించి, ఏట్లోకి దిగిన మనిషిలా మెల్లగా పాదం జరుపుతూ పోయేది. అర్జీదారులు మామూలుగా నడిచి ఆమెను దాటిపోతూ, "మస్తానమ్మా, బాగుండావా?" అని పలకరించేవాళ్లు.

ఒకరోజు గోడ అయిపోయిన చోట ర్యాంపు మొదలైంది. గోడ ఎప్పుడూ అక్కడే అయిపోతుంది కానీ ఆ రోజు ర్యాంపు కడిగారు. మస్తానమ్మ "ఓర్నాయనో" అంటూ జారి, ర్యాంపు ఎదురుగా ఉన్న మేనేజర్ గారి గది తలుపు తోసుకుని వెళ్లి, ఆయన బల్లకు తగిలి ఆగింది. నెత్తిన ఫైళ్లు మాత్రం వరస చెదరకుండా ఆయన ఒళ్లో పడ్డాయి.

"ఆ బల్ల గాని అడ్డం రాకపోతే కొత్త బస్టాండు దాకా పొయ్యేదాన్నే," అని నాతో అంది.

సాయంత్రం చూస్తే ఆమె గరిష్ఠ వేగం డెబ్బై రెండు.

మర్నాడు మెమో వచ్చింది. "అటెండరు శ్రీమతి మస్తానమ్మ తన హోదాకు నిర్దేశింపబడిన వేగమును ఉల్లంఘించుటయేగాక, మేనేజరు వారి వేగమును వారి ముందస్తు అనుమతి లేకుండా అధిగమించి, పరిపాలనా క్రమమునకు భంగము కలిగించినారు. చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఉద్యోగి మీద మెమో తేలకుండా ఉంటే పెన్షన్ కాగితాలు కదలవు. తేలడానికి ఒక్కోసారి మనిషి ఆయుష్షు చాలదు. ఆ సంగతి మస్తానమ్మకు మా అందరికంటే బాగా తెలుసు. అలాంటి ఫైళ్లను మోసింది ఆమే.

"అబ్బయ్యా, నేను గోడ పట్టుకుని నడిచే మనిషిని. డెబ్బై రెండంట! డెబ్బై రెండు మీద పోతే మా ఊరి బస్సే ఊగిపోద్ది గదా. నువ్వు చదువుకున్నోడివి, ఆయనకు చెప్పకూడదా?"

చెప్పాలనే వెళ్లాను. మీటరు ఎనిమిదింతలు చూపిస్తుందని, ఆమె నిజంగా పోయింది తొమ్మిదేనని మేనేజర్ గారికి లెక్క వేసి చూపించాను.

ఆయన తలుపు దగ్గరికి వెళ్లి గడియ పెట్టి వచ్చారు. "అంటే కమిషనర్ గారి వేగం ఎనభై ఎనిమిది కాదంటావా?"

"పదకొండండీ."

"మెల్లగా! మీటరు తప్పయితే పురస్కారం తప్పు. పురస్కారం ఇస్తున్నది ప్రభుత్వం. ప్రభుత్వం తప్పు చెయ్యదు. కాబట్టి మీటరు తప్పు కాదు. బియస్సీలో ఇట్టాంటివి చెప్పరా మీకు?" మళ్లీ కుర్చీలో కూర్చుంటూ, "నీ ప్రొబేషన్ ఫైలు కూడా ఈ బల్ల మీదే ఉందబ్బాయ్," అన్నారు.

నేను వదల్లేదు. నా దగ్గర ఇంకో రుజువుంది. "అయ్యా, ఆమె మీటరులో మొత్తం దూరం చూడండి. ఈ నెలలో తిరిగిన దూరం ఇక్కణ్ణుంచి కాశీకి పోయినంత ఉంది! ఎక్కడన్నా కుదురుతుందా?"

మేనేజర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"కాశీకా? ఎవురి అనుమతితో?"

ఆ సాయంత్రమే రెండో మెమో వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా ప్రధాన కార్యస్థానం వదిలి వెళ్లారని ఆరోపణ. అది నా మాట వల్లే వచ్చిందని మస్తానమ్మకు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "ఈసారి నా తరఫున మాట్లాడేటప్పుడు ముందు నాకు చెప్పు అబ్బయ్యా," అంది.

విచారణాధికారిగా పానకాలరావు గారు వచ్చారు. రిటైరైన ఇంజనీరు. రిటైరయ్యాక చేసిన విచారణలు ఉద్యోగంలో కట్టిన వంతెనల కంటే ఎక్కువని ఆయనే గర్వంగా చెప్పారు. సమావేశ మందిరంలో విచారణ మొదలైంది. ఆయనకు ఒకవైపు మేనేజర్ గారు, రెండోవైపు మీటరు చదవడానికి నేను. ఎదురుగా స్కేట్లు తొడుక్కుని మస్తానమ్మ.

"మీరు ఈ నెలలో కాశీ వెళ్లారా?"

"నేను చీరాలే సరిగ్గా చూళ్ళేదయ్యా."

"అవుననో కాదనో చెప్పాలి. మీటరులో దూరం వచ్చింది. అయితే అది పోవడానికే సరిపోతుంది. తిరుగు ప్రయాణానికి దూరం లేదు. అంటే మీరింకా కాశీ నుంచి తిరిగి రాలేదు."

"రాకపోతే మీ ముందర నిలబడిందెవురయ్యా?"

పానకాలరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని ఆమెను పైనుంచి కిందికి చూశారు. "ఆ విషయం రికార్డులో లేదు," అన్నారు.

"సార్, అట్లయితే గైర్హాజరు కింద మూడో ఆరోపణ కూడా పెట్టొచ్చు," అన్నారు మేనేజర్ గారు ముందుకు వంగి.

"తొందరపడకండి. ముందు వేగం తేలాలి. అమ్మా, ఆ డెబ్బై రెండు కిలోమీటర్ల వేగాన్ని మా సమక్షంలో మరొకసారి ప్రదర్శించండి."

మస్తానమ్మ గోడ పట్టుకుని మందిరం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. నేను పక్కనే జరుగుతూ, మధ్యలో ఆగి ఆమెకు మంచినీళ్లు ఇచ్చి, మీటరు చదివాను. "పదహారు."

"కావాలనే నెమ్మదిగా పోతున్నారు," అని పానకాలరావు గారు రాయించారు. "మళ్లీ."

రెండో ప్రదక్షిణం సగంలో ఆమె ఆగిపోయింది. "నావల్ల గాదయ్యా. ఈ బళ్ళు గట్టినకాణ్ణుంచీ మోకాళ్ళు మండిపోతున్నయ్యి," అంటూ గోడవారగా, సమావేశాలప్పుడు కూర్చునే తన స్టూలు మీద చతికిలబడింది. కుడికాలు ఎత్తి ఎడమ మోకాలి మీద వేసుకుంది. ముఖం జేవురించి ఉంది. "మీగ్గావాల్సింది నేను గాదు. ఈ డబ్బాలో అంకెలే గదా? ఇయ్యిగో, తీసుకోండి మీ అంకెలు!"

అరచేత్తో చక్రాన్ని ఒక్కటి చరిచింది.

చక్రం గిర్రున తిరిగింది. "నలభై," అన్నాను. చదవడం నా పని. ఇంకోటి చరిచింది. "అరవై ఐదు." మళ్లీ. "ఎనభై." పిండి రుబ్బే చేయి కదా, ఊపు మీదుంది. చక్రం తుమ్మెదలా రొద పెడుతోంది. "ఎనభై తొమ్మిది... తొంభై నాలుగు... తొంభై తొమ్మిది!" ఆ డబ్బాలో వేగానికి అంతకుమించి అంకెలు లేవు.

మందిరంలో అందరూ లేచి నిలబడి మీటరునే చూస్తున్నారు. మస్తానమ్మ వైపు ఎవరూ చూడటం లేదు. పక్కగదిలోంచి కమిషనర్ గారు తలుపు పట్టుకుని, గుమ్మం పట్టుకుని, చివరికి నా భుజం పట్టుకుని ప్రవహించి వచ్చారు.

"తొంభై తొమ్మిది అన్నదెవరు? ఎవరిది?"

"అటెండరుది సార్," అన్నారు మేనేజర్ గారు ఏడుపు గొంతుతో. "తమరిని కూడా దాటేసింది."

కమిషనర్ గారి ముఖం నల్లబడింది. పానకాలరావు గారు కలం తీసి, "ఆరోపణ సంఖ్య మూడు. అత్యున్నత అధికారి వేగమును..." అని చెప్పడం మొదలుపెట్టారు.

ఈసారి నేను మస్తానమ్మ చెవిలో, "మాట్లాడనా?" అని అడిగాను. "ఊ," అంది రొప్పుతూ.

మీటరు దగ్గర్నుంచి లేచి నిలబడ్డాను. చక్రాల మీద ఉన్నాను గనక లేచిన ఊపుకే అరడుగు వెనక్కి పోయాను. వాళ్ల ఎదుట నిజం చెప్పి చూశాను, పని జరగలేదు. అందుకని వాళ్ల భాషలోనే మాట్లాడాను.

"అయ్యా, సాంకేతిక బాధ్యుడిగా ఒక మనవి. ఉత్తర్వులో హోదాను బట్టి నిర్ణయించింది వరండాలో వేగం. సదరు ఉద్యోగిని ప్రస్తుతం తన సీట్లో ఉన్నారు. సీట్లో ఉన్న ఉద్యోగి వేగానికి పరిమితి ఏదైనా నిర్దేశింపబడి ఉన్నదా?"

మేనేజర్ గారు ఉత్తర్వు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకీ తిప్పారు. "లేదు సార్. సీటు ప్రస్తావనే లేదు."

కమిషనర్ గారు ఆ ఉత్తర్వు తీసుకుని తనే ఒకసారి చదివారు. తర్వాత ఆయన కళ్లల్లో విమానం దిగిన నాటి వెలుగు వచ్చింది.

"పానకాలరావు గారూ! ప్రజల ఫిర్యాదు ఏమిటి? ఉద్యోగులు సీట్లో ఉండరని. పైవాళ్ల ఫిర్యాదు? వేగం లేదని. ఇన్నాళ్లూ మనం ఒకటి సాధించాలంటే రెండోది వదులుకున్నాం. ఈ అమ్మ సీట్లో ఉంటూనే తొంభై తొమ్మిది అందుకుంది! ఇది అవిధేయత కాదు. ఇదొక నమూనా!"

"నేనూ అదే రాయించబోతున్నాను," అన్నారు పానకాలరావు గారు.

"మరి కాశీ సార్?" అన్నారు మేనేజర్ గారు. ఆయన ఏ ఆరోపణనూ తేలిగ్గా వదులుకునే మనిషి కాదు.

పానకాలరావు గారు గొంతు సవరించుకుని రాయించారు. "సీటు నుండి కదలకనే దూరము సాధ్యమని ప్రత్యక్షముగా నిరూపితమైనందున, సదరు ఉద్యోగిని సీటు నుండియే కాశీకి వెళ్లినట్లును, వెళ్లినప్పటికీ కార్యాలయములోనే యున్నట్లును భావించి, ఆరోపణలన్నియు ఉపసంహరించడమైనది."

మస్తానమ్మ నా చొక్కా లాగింది. "ఇంతకీ నేను కాశీ పొయినట్టా, పోనట్టా?"

"పోయినట్టే పెద్దమ్మా."

"అయితే ఆ పుణ్యం నాదేనా, మునిసిపాలిటీదా?"

"ఆ అంశం పరిశీలించవలసి ఉంది," అన్నారు మేనేజర్ గారు.

వాళ్ల మనసు మారేలోపే, స్కేట్లు విప్పేసి పెన్షన్ కాగితాలు పట్టుకుని రెండు భవనాల మధ్యా నేనే పరుగెత్తాను. సంతకం, ముద్ర అన్నీ ఆ పూటే అయిపోయాయి. చక్రాలు లేకుండా వరండా అంత చిన్నదని అప్పుడే తెలిసింది.

మర్నాటి నుంచి మా కార్యాలయం చూడాలి. అందరూ సీట్లలోనే ఉన్నారు. కుడికాలు ఎడమ మోకాలి మీద, అరచెయ్యి చక్రం మీద. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకసారి చరుస్తాం. భవనమంతా తేనెపట్టులా రొద. పురస్కారం బృందం వచ్చి, ఇంత వేగంలోనూ ఒక్క ఉద్యోగి కూడా సీటు వదలకపోవడం చూసి చలించిపోయింది. బృందం నాయకుడు తనే ఒక చక్రం చరిచి, ఇంకోసారి చరవచ్చా అని అడిగాడు.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం మస్తానమ్మకు శాలువా కప్పారు. 'సీటు నుంచే కాశీ' అన్న అంశం మీద కమిషనర్ గారు అరగంట మాట్లాడారు. ఆమె స్కేట్లు అప్పగించి, శాలువా, స్వీటు పొట్లం నన్ను పట్టుకోమని ఇచ్చి, తన రబ్బరు చెప్పులు వేసుకుని, అందరికీ దణ్ణం పెట్టి బయల్దేరింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఖాదర్ వలీ ఆపాడు. కార్యాలయం వదిలే ప్రతి ఉద్యోగి నిష్క్రమణ వేగం రాయాలని ఆ ఉదయమే ఉత్తర్వు వచ్చింది.

"అక్కా, ఆగాగు. స్పీడెంతో చెప్పి పో."

"మీటరు ఇచ్చేశా గదరా ఖాదరూ."

"మరి ఏం రాసేది? ఖాళీ వదిలితే నన్ను తిడతారు."

"సున్నా రాసుకో. పద్దు తేలిపోద్ది," అని ఆమె గేటు దాటింది.

తీరా చూస్తే శాలువా, స్వీటు పొట్లం నా చేతిలోనే ఉండిపోయాయి. "పెద్దమ్మా!" అని కేకేసి వెనకే వెళ్లాను. ఆమె చెయ్యెత్తి ఊపింది కానీ ఆగలేదు. నడక పెంచాను. తర్వాత పరుగెత్తాను. సోడా బండి దాటేసరికి ఆమె కిరాణా కొట్టు దగ్గరుంది. కిరాణా కొట్టు చేరేసరికి మలుపు తిరిగిపోయింది. మలుపులో ఎవరూ లేరు. ఎటో గ్రైండర్ల కొట్టు వైపు చీర కొంగు ఒకటి కనిపించినట్టయింది.

రొప్పుతూ తిరిగి వచ్చాను. ఖాదర్ వలీ పుస్తకం నా ముందుకు జరిపాడు.

"సాంకేతిక బాధ్యులు సరిచూసి సంతకం పెట్టాలంట సార్."

మస్తానమ్మ, నిష్క్రమణ వేగం, సున్నా అని రాసి ఉంది.

ఊపిరి అందేదాకా ఆగి, సరిచూసితిని అని రాసి, సంతకం పెట్టాను.